బీరు పీపాలు కొలత చెప్పిన స్టేషన్

లండన్ యూస్టన్ రోడ్డు మీద రెండు పెద్ద స్టేషన్లు ఇరుగుపొరుగుల్లా ఉంటాయి. మధ్యన ఒక్క వీధే అడ్డం. కింగ్స్ క్రాస్‌ది సాదా ఇటుక గోడ, అందులో రెండు పెద్ద కమానులు. పక్కనున్న సెయింట్ పాంక్రాస్‌ది ఎర్ర కోట: బురుజులు, శిఖరాలు, గడియారపు గోపురం. రైలెక్కడానికి వచ్చినవాళ్లు చర్చికి వచ్చామేమో అనుకున్నా ఆశ్చర్యం లేదు.

ఈ కోట కథ అద్దె ఇంటి బాధతో మొదలైంది. డెర్బీ కేంద్రంగా నడిచిన మిడ్‌లాండ్ రైల్వేకు లండన్‌లో సొంత స్టేషన్ ఉండేది కాదు. 1858 నుంచి గ్రేట్ నార్తర్న్ కంపెనీకి డబ్బు కట్టి, దాని పట్టాల మీదుగా కింగ్స్ క్రాస్ చేరేది. 1862లో లండన్‌లో అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. జనం పోటెత్తారు, పట్టాలు ఇరుకైపోయాయి. ఇంటివాడి రైళ్లు ముందు పోతుంటే అద్దెవాడి రైళ్లు గంటల తరబడి ఆగాయి. మరుసటి ఏడే మిడ్‌లాండ్ సొంత దారికి పార్లమెంటు అనుమతి తెచ్చుకుంది.

దారి ఖాళీగా లేదు. ఆగర్ టౌన్ అనే పేదల వాడ నేలమట్టమైంది. పాత సెయింట్ పాంక్రాస్ చర్చి శ్మశానంలో సమాధులు తవ్వాల్సి వచ్చింది. ఆ పని సవ్యంగా జరుగుతోందో లేదో చూడటానికి ఒక ఆర్కిటెక్టు తన కుర్ర సహాయకుణ్ణి పెట్టాడు. అతనే తర్వాత నవలాకారుడిగా పేరుపొందిన థామస్ హార్డీ.

అసలు చిక్కు రీజెంట్స్ కాలువ. కింగ్స్ క్రాస్ పట్టాలు దాని కిందుగా వెళ్తాయి. మిడ్‌లాండ్ ఇంజనీరు విలియం హెన్రీ బార్లో పైనుంచి దాటించాడు. దాంతో ప్లాట్‌ఫారాలు వీధికన్నా దాదాపు 20 అడుగుల ఎత్తుకు లేచాయి. కింద మిగిలిన చోటును సొరంగాల మట్టితో పూడ్చేద్దామని మొదట అనుకున్నారు. కానీ లండన్‌లో అంత జాగాను మట్టిపాలు చేయడమా? బర్టన్ ఊరి బీరు ఈ కంపెనీకి పెద్ద సరుకు. అందుకని కింద వందలాది పోత ఇనుప స్తంభాలు నిలబెట్టి నేలమాళిగ చేశారు. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎడం ఎంతుండాలో బీరు పీపాల కొలతే నిర్ణయించింది.

పై కప్పు కూడా ఆ స్తంభాలను బట్టే వచ్చింది. మధ్యలో పెద్ద స్తంభాలు దిగితే పీపాల వరసలు చెడతాయి. అందుకే రోలండ్ ఆర్డిష్ సాయంతో బార్లో సుమారు 240 అడుగుల వెడల్పు, 100 అడుగుల ఎత్తు ఉన్న ఒకే కమాను కప్పు వేశాడు. కప్పు విల్లయితే ప్లాట్‌ఫారాల కింది ఇనుప దూలాలు దాని నారి. కమాను కాళ్లు పక్కలకు జారకుండా బిగించి ఉంచేవి అవే. 1868 అక్టోబరు 1న ఆర్భాటమేమీ లేకుండా స్టేషన్ తెరిచారు. అప్పటికి ఒకే కమాను కింద అంత పెద్ద చోటు ప్రపంచంలో మరెక్కడా లేదు.

రోడ్డు వైపు కనిపించే ఎర్ర కోట నిజానికి హోటలు. జార్జ్ గిల్బర్ట్ స్కాట్ గీసిన ఆ మిడ్‌లాండ్ గ్రాండ్ 1873లో అతిథులకు తలుపులు తెరిచింది. నీటి ఒత్తిడితో నడిచే లిఫ్టులున్నాయి గానీ గదులకు స్నానపు గదులు లేవు. మారిన కాలంలో ఆ లోటు బరువై 1935లో మూతపడింది. 1960లలో స్టేషన్‌కే ముప్పు వచ్చినప్పుడు కవి జాన్ బెట్జిమన్ వంటివారు పోరాడారు. 1967లో అత్యున్నత శ్రేణి రక్షిత కట్టడంగా గుర్తింపు దక్కింది.

2007 నుంచి పారిస్ వెళ్లే యూరోస్టార్ రైళ్లు ఇక్కడే బయలుదేరుతున్నాయి. పీపాలు దొర్లిన నేలమాళిగలో ఇప్పుడు ప్రయాణికులు పాస్‌పోర్టులు పట్టుకుని నిలబడతారు. పక్కనే, ఒకప్పటి మిడ్‌లాండ్ గూడ్స్ యార్డు స్థలంలో బ్రిటిష్ లైబ్రరీ ఉంది. పాత తెలుగు పుస్తకాల కోసం అక్కడికి వెళ్లేవారు ఓ అరగంట మిగుల్చుకుని ఈ స్టేషన్ కింది అంతస్తుకు వెళ్లిరండి. పీపాల కొలతకు నిలిపిన ఇనుప స్తంభాలు ఇంకా అక్కడే ఉన్నాయి.