పనిముట్లకు గుర్తుబిళ్ళలు

ఇంట నొక వస్తువు కనబడకపోయినచో మన చూపు మొట్టమొదట ఎవరిమీద పడును? పనిమనిషిమీద. పదిమంది మసలుచోట సొత్తు పోయినపుడు నింద పేదవానినే వెదకికొని పోవును. వినాయకచవితినాడు చేత నక్షతలు పట్టుకొని శమంతకమణి కథను ప్రతివత్సరము మన మందరము వినుచున్నాము. సాక్షాత్తు శ్రీకృష్ణునకే, మణిని తెచ్చి సత్రాజిత్తున కప్పగించువరకు అపవాదు తొలగలేదు. ఆయనకు అడవిలో అడుగుజాడలు వెదకి జాంబవంతునితో పోరాడు శక్తి కలదు. దినకూలి కా శక్తి యెక్కడిది?

బొగ్గుగనుల నాశ్రయించి పెరిగిన మా నస్పూరు, 2016లో మంచిర్యాల జిల్లా యేర్పడిన పిదప, కట్టడముల యూరు కూడ నైనది. జిల్లా కలెక్టరు కార్యాలయ సముదాయము ఇచ్చటనే నిర్మింపబడి 2023 జూనులో ప్రారంభమయ్యెను. కట్టడపు పనులకై దూరమునుండి వచ్చి మా వీధిలో కాపురమున్న కూలిదంపతుల నొకరిని మే మెరుగుదుము. వారు పనిచేయుచోట నొకనాడు డ్రిల్లు మిషను కానరాలేదు. దానిని కడపట ముట్టినవాడు ఆమె భర్తయే యని మేస్త్రీ చెప్పెను. గుత్తేదారు వారపు కూలి నాపివేసెను. కొన్నాళ్ళకు ఆ మిషను పై యంతస్తున సెంట్రింగు చెక్కల చాటున, ఖాళీ సిమెంటు సంచిలో దొరకెను. కూలి చేతికి వచ్చెను. ఆ యిల్లాలు మాతో, "పైసలైతే ఇచ్చిండ్రమ్మా. గని దొంగ అన్న మాట ఎవలు వాపస్ తీసుకుంటరు?" అనెను. దానికి మాకు బదులు తోచలేదు.

ఇట్టి చిక్కులను తప్పించుటకు పెద్ద నిర్మాణసంస్థలు కొన్ని నేడు పనిముట్లకు రేడియో తరంగముల గుర్తుబిళ్ళల నంటించుచున్నవి. వీనినే ఆర్.ఎఫ్.ఐ.డి. ట్యాగులందురు. మనము బిందెమీద పేరు కొట్టించుట యెట్టిదో ఇదియు నట్టిదే. భేద మేమనగా, బిందెమీది పేరును మనము చదువవలెను. ఈ బిళ్ళ తన సంఖ్యను తానే చెప్పును. అందు నువ్వుగింజకంటె చిన్నదగు చిప్పును, దానికి జోడించిన పలుచని లోహపు తీగయు నుండును. సామాన్యపు బిళ్ళకు బ్యాటరీ యుండదు. సామానుగది గుమ్మమున నమర్చిన యంత్రము తరంగములను వెదజల్లగా, బిళ్ళ యా తరంగములనుండియే కొంత శక్తిని గ్రహించి, తన సంఖ్యను తిరిగి పలుకును. రకమును బట్టి కొన్ని అంగుళములనుండి కొన్ని గజములవరకు దాని పలుకు అందును. ఇట్లు ప్రతిఫలించిన శక్తితోనే వార్త పంపవచ్చునని హారీ స్టాక్‌మన్ అను నతడు 1948లో వ్రాసెను. కార్ల అద్దములకు నంటించు ఫాస్టాగు ఈ జాతిదే. 2021 ఫిబ్రవరి మొదలు జాతీయ రహదారుల సుంకపుద్వారముల వద్ద నది తప్పనిసరియైనది.

అట్టి బిళ్ళ యుండినచో ఆ డ్రిల్లు మిషను గుమ్మము దాటలేదని ఆ సాయంకాలమే తేలియుండెడిది. వెలుపలికి పోని వస్తువునకు దొంగ యెక్కడినుండి వచ్చును? లోపలనే వెదకియుందురు. యజమాని సొత్తును కాపాడుటకంటె, పనివాని పేరును కాపాడుటయే ఈ బిళ్ళ చేయదగిన గొప్ప యుపకారమని మా యభిప్రాయము.

అయినను దీనికి హద్దులు కలవు. ఇనుపపారకు మామూలు బిళ్ళ నంటించిన దానికి మాట పెగలదు. లోహము దాని తరంగములకు అడ్డు. నడుమ లోహము కాని పొర గల ప్రత్యేకపు బిళ్ళ కావలెను. సుత్తిదెబ్బలకు ఊడిపోవుటయు కలదు. వస్తువు గుమ్మము దాటిన సంగతి తెలియును గాని, ఏ చెక్కల చాటున నున్నదో తెలియవలెనన్న యంత్రమును చేత పట్టుకొని తిరుగవలెను. కనుక బిళ్ళ పలుకకున్నంతమాత్రమున మనిషిని దొంగ యనరాదు. ఉంగరము నీట జారిపోయినంతమాత్రమున శకుంతల అసత్యము పలికినది కాలేదు గదా!

ఈ విషయమున చట్టము కూలివారి పక్షముననే యున్నది. వస్తువు పోయినదని కూలి తగ్గింపవలెనన్న, అది యతని వశము చేయబడినదై, అతని యజాగ్రత్తవలననే పోయినదై యుండవలెను. ముందుగా నతని సమాధానము వినవలెను. 1936 నాటి వేతన చెల్లింపు చట్టమున నున్న యీ నియమము, 2019 నాటి వేతన స్మృతియందును కలదు. పాప మా దంపతులు దీని నెరుగరు.

వస్తువులకు సంఖ్య వేయుట మా యూరివారికి క్రొత్త కాదు. గనిలోనికి దిగువానికి నంబరు గల తలదీపము నిచ్చి వ్రాసికొందురు. పైకి వచ్చిన పిమ్మట మరల తీసికొందురు. పని ముగిసినను ఒక దీపము తిరిగి రాకున్నచో "దీప మేమైనది?" అని యడుగరు, "మనిషి యేమయ్యెను?" అని యడుగుదురు. లెక్క యన్న నిట్లుండవలెను.

నేడు కొన్నిచోట్ల కట్టడపు పనివారి టోపీలకును ఈ బిళ్ళల నంటించుచున్నారు. ఆపద వచ్చినపుడు లోపల నెంద రున్నారో తెలియుటకైన మేలే. చంటిబిడ్డకు పాలిచ్చుటకు చెట్టునీడకు పోయిన తల్లి యెన్ని నిమిషములు కూర్చున్నదో లెక్కించుటకైన నది బిళ్ళ కాదు, సంకెల.

ఇల్లు కట్టించుకొను సోదరీమణులకు మా మనవి యొక్కటే. బిళ్ళలు కొనలేకపోయినను ఒక నోటుపుస్తకము కొనవచ్చును. ఉదయము ఇచ్చిన గమేళాలు, పారలు, మిషనులు ఎవరి కిచ్చితిమో వారి యెదుటనే వ్రాసి, సాయంకాలము వారి యెదుటనే కొట్టివేయుడు. వస్తువు కానరాకున్నచో ముందు చోటును వెదకుడు. మనిషి జోలికి పిమ్మట పోవచ్చును.