అప్ప అంటే ఎవరు?

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ అంటారు గానీ ఆ ఊరు ఆమదాలవలస. అక్కడ ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇంకా కుదురుకోనేలేదు, ఎదుటి సీటావిడ చెయ్యి చాపింది. "అప్పా, ఆ సంచి ఇలగియ్యి, కింద ఎట్టీసుకుందాం."

నాది గుంటూరు జిల్లా. ఉద్యోగం పేరుతో సిక్కోలులో పదేళ్లున్నాను కాబట్టి ఆ పిలుపు తెలుసు. అక్కడ అప్ప అంటే అక్క.

ఆవిడది పొందూరు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి సన్న నూలు తీసే ఊరు. చిన్నప్పటి నుంచీ నూలు వడుకుతోందట. పక్కన డిగ్రీ చదివే కూతురు. బెంగళూరులో భవనాల పనిలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తున్నారు. నేను అనంతపురంలో దిగాలి.

ఆవిడ ఏ మాట ముగించినా చివర "అదీ కత" అంటుంది. ఎండ గురించైనా సరే, కొడుకు జీతం గురించైనా సరే. అది ఆ ఊరి అలవాటేమో అనుకున్నాను. "ఊళ్లో ఎవరూ అనరండి. మా నాయనమ్మ ఊతపదం అది. అమ్మ కోడలిగా వచ్చాక పట్టుకుంది" అని పిల్ల చెప్పింది. అత్తగారు పోయి పన్నెండేళ్లయిందట, మాట మాత్రం కోడలి నోట్లో ఉంది.

విజయనగరం దాటుతున్నప్పుడు గురజాడ గుర్తొచ్చాడు. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో అగ్నిహోత్రావధాన్లు మాట అసిరిగాడు మాట్లాడడు, పూటకూళ్లమ్మ మాట గిరీశం మాట్లాడడు. పేర్లు చెరిపేసి చదివినా ఎవరిదే మాటో తెలిసిపోతుంది. ఒకే ప్రాంతపు మనుషులకు కులం, చదువు, బతుకు ఎన్ని నోళ్లిస్తాయో ఆయన చెవి పెట్టి విన్నాడు.

విశాఖలో ధర్మవరం నేతగాడొకాయన ఎక్కాడు, చీరలు షాపులకిచ్చి తిరుగు ప్రయాణం. కాసేపు మా మాటలు విని నన్నడిగాడు: "ఈయమ్మ మిమ్మల్ని అప్పా అంటాండాదేమి? మా తావ మొగోళ్లనంటాం గదా, ఏమప్పా అని."

"మాకు అప్పంటే అప్పే బాబూ, ఇంకేటి? అదీ కత" అందావిడ. అందరం నవ్వుకున్నాం.

మొదట్లో ఇద్దరికీ నేను మధ్యవర్తిని. ఆయన "శెనిక్కాయలు" అంటే ఆవిడకు సందేహం, ఆవిడ "బేగి" అంటే ఆయనకు సందేహం. తుని దాటాక మాట మగ్గం మీదికి మళ్లింది. ఆమెది నూలు, ఆయనది పట్టు. అయినా పడుగు, పేక, అచ్చు అనేసరికి నా అవసరం లేకపోయింది. రాజమండ్రి దగ్గర గోదావరి వచ్చిందని నేను చెప్పినా ఇద్దరూ తల తిప్పలేదు. అంత దూరపు ఊళ్లవాళ్లను వాళ్ల పని ఒక్క చోట కూర్చోబెట్టింది.

సేద్యం దగ్గర మళ్లీ విడిపోయారు. ఆవిడ నాగలి అంటే ఆయన మడక అన్నాడు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా రైతుల నోటి నుంచి ఇలాంటి మాటలే పోగుచేయించి 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చారు. తర్వాత 1971లో చేనేత మాటలకూ ఒక సంపుటం వచ్చింది. తెలుగుకు నాలుగు మాండలికాలని ఆయన లెక్క. తూర్పు, మధ్య, దక్షిణ మండలాలు మూడింటినీ ఈ ఒక్క బండి దాటుతుంది. నాలుగోదైన తెలంగాణ మాత్రం ఈ దారిలో లేదు.

గుంటూరులో "ఏందిరా, ఇట్టా రా" అని ఎవరో పిల్లాణ్ణి కేకేశారు. మా ఇంటి మాట. ప్రాణం లేచొచ్చింది.

ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది ఆ అమ్మాయే. నాతో మాట్లాడితే టీవీలో వార్తలు చదివినట్టుంటుంది. తల్లి వైపు తిరిగితే "అమ్మా కూకోయే, నానెల్లి నీలు తెస్తాను." నాతోనూ అలాగే మాట్లాడమన్నాను. తల దించుకుంది. హాస్టల్లో చేరిన కొత్తలో "ఏటి" అన్నందుకు గదిలో అందరూ నవ్వారట. ఏడాది పాటు అవసరమైతే తప్ప నోరు విప్పలేదట. సినిమాలో ఆ మాట హాస్యగాడిది కదా, మరి వాళ్లెందుకు నవ్వరు అని వాళ్ల తరఫున తనే సర్దిచెప్పింది. నాకు దుఃఖం వచ్చింది.

జనం నోటి తెలుగు బడిలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది ఆ పిల్ల జిల్లాలోనే, పర్వతాలపేటలో. సవరల భాషను కూడా కూర్చుని నేర్చుకున్న మనిషి ఆయన. ఆ పోరాటం గెలిచాక పుస్తకాల్లోకి ఎక్కింది మాత్రం ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల తెలుగు. అంటే మా ఇళ్ల తెలుగు. నా మాటకు ఎవరూ ఎన్నడూ నవ్వకపోవడానికి కారణం ఇదేనని, ఇంత వయసొచ్చాక, గిద్దలూరు దగ్గర చీకట్లో కిటికీ పక్కన కూర్చుని ఒప్పుకున్నాను.

తెల్లవారి అనంతపురంలో దిగేటప్పుడు ఆ పిల్ల నా సంచి అందించింది. "ఎల్లొస్తారా అప్పా" అంది.

హాస్టళ్లలో ఉండే పిల్లలూ, మీ గదిలోకి ఈ ఏడాది కొత్తగా వచ్చిన అమ్మాయి "ఏటి" అన్నా, "యాడికి" అన్నా నవ్వకండి. వాళ్ల ఊళ్లో అక్కను ఏమని పిలుస్తారో అడగండి.