లస్మన్న తప్పు పేరు కాదు
(వాడ ముచ్చట్లు – 7)

నా పేరు లస్మన్న. పదో తరగతి మెమోల లక్ష్మణ్. ఇంగ్లీషుల ఎక్స్‌తోని రాసి ఉన్నది. ఆధార్ కార్డుల కె, ఎస్, హెచ్ పెట్టి లక్ష్మన్న. ఊర్ల పటేల్ నోట్లె "లచ్చిగా". ఒక్క మనిషికి ఇన్ని పేర్లు. ఇండ్ల మా అవ్వ పెట్టింది ఒక్కటే, లస్మన్న.

కాలేజీల ఉన్నప్పుడు నా స్కాలర్‌షిప్ అప్లికేషన్ "పేరు కలుస్తలేదు" అని వాపస్ వచ్చింది. "అసలు పేరేందో తేల్చుకోని రాపో" అన్నరు ఆఫీసుల. ఆ ఏడాది ఫీజుకు మా నాయిన అప్పు తెచ్చిండు. ఒక్క అక్షరానికి మిత్తి కట్టిన ఇల్లు మాది.

ఆ ఎక్స్ ఎక్కడిది? మన దిక్కు, మహారాష్ట్ర దిక్కు అట్ల రాసుడే అలవాటు. 1915ల ఆదిలాబాద్ జిల్లా వాంకిడిల పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుల అదే ఎక్స్. బాసరల రైలెక్కితే కొద్దిసేపట్ల ధర్మాబాద్, అంటే మహారాష్ట్ర. అక్కడ 'ఉపరా' రాసిన లక్ష్మణ్ మానే, 'ఉచల్యా' రాసిన లక్ష్మణ్ గైక్వాడ్ పేర్లల్ల కూడ అదే ఎక్స్. ఊరవతల పెట్టిన జాతులల్ల పుట్టి, తమ బతుకు తామే రాసుకోని సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నరు. ఆ ఎక్స్‌ను ఎవ్వరు తప్పనలె.

ఇగ లచ్చి సంగతి. బడి పుస్తకంల ప్రకృతి, వికృతి చదివినం కద. లక్ష్మి ప్రకృతి, లచ్చి వికృతి. పరీక్షల రాస్తే మార్కు. పద్యంల కవి లచ్చి అంటే అలంకారం. మా వాడల లచ్చవ్వ అంటే "నోరు తిరుగది వీళ్లకు" అని నవ్వుతరు. ఈ గోదారి ఒడ్డున రెండు వేల ఏండ్ల కింద ప్రాకృతం మాట్లాడిన జనం గూడ లచ్చి అనే అన్నరు. అంటే మా అవ్వల నోట్లె ఉన్నది పాత మాట, చెడిపోయిన మాట కాదు.

చెడగొట్టింది ఎవరంటే, చివరన "గా" తగిలించినోళ్లు. లస్మన్నల అన్న ఉన్నడు. పోశయ్యల అయ్య ఉన్నడు. లచ్చవ్వల అవ్వ ఉన్నది. ఆ మర్యాదను కోసి లచ్చిగా, పోశిగా, లచ్చీ అని పిలిచిండ్రు. డెబ్బై ఏండ్ల ముసలాయనను పన్నెండేండ్ల పటేల్ కొడుకు అట్ల పిలిస్తే ఆయన "ఆ దొరా" అని పలికేటోడు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989ల వచ్చింది. 2015 సవరణ తర్వాత, నలుగురి ముందట కులం పేరు పెట్టి తిడితే సెక్షన్ 3(1)(ఎస్). కని "లచ్చిగా"ల కులం మాట లేదు. కులం మొత్తం ఆ "గా"ల ఉన్నది.

ఈ ఆట మన పెద్దలకు ముందే తెలుసు. 1888ల హైదరాబాద్‌ల పుట్టిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డి వర్మ అయ్యిండు. ఆ పేరుతోని, ఇప్పుడు పిలువుండ్రి చూద్దాం అన్నట్టు నిలబడ్డడు. ఆయన తొవ్వ ఆయనది. నేను నా పేరును మార్చను. అది పలికే తీరు మారాలె.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఒక పని మాట. బాసరల సరస్వతి గుడికి దేశం నలుమూలల నుంచి పిల్లలను తెచ్చి అక్షరాభ్యాసం చేపిస్తరు. అదే ఊర్ల ట్రిపుల్ ఐటీల సీటు పదో తరగతి మార్కుల మీద వస్తది. మెమో మీద పడ్డ పేరు బతుకంత మన ఎంట నడుస్తది. అందుకే నామినల్ రోల్ పోకముందే మీ వాడ పిల్లల పేర్లు చూడుండ్రి. కుల సర్టిఫికెట్, ఆధార్, బడి రిజిస్టర్ మూడు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం కలపుండ్రి. చదువురాని అమ్మానాయినల తరఫున ఒక్క దినం బడికి పోండ్రి. సార్లు, మేడమ్‌లు, మీరు గూడ "ఇదేం పేరు" అని దిద్దకుండ్రి. ఇంట్ల ఎట్ల పిలుస్తరో అడిగి రాయుండ్రి.

పోశవ్వను పూజిత చేసుడు సంస్కారం కాదు. పోశవ్వను పోశవ్వ అని నిండు నోరుతోని పిలుసుడు సంస్కారం.

జై భీమ్.