ఆర్నెల్లా, రెండేళ్లా?

మన సాఫ్టువేరు జనాలకి ఇష్టమైన మాట ఒకటుంది. "ఈ కోడ్ పారేసి మొదట్నించీ రాసేద్దాం". ఆ మాట అన్నవాడు సాధారణంగా సదరు కోడ్ మొత్తం చదివి ఉండడు. ఈ పాపం నేనూ చేశాను. పోయిన ప్రాజెక్టులో, మీటింగులో ఛాతీ విరుచుకుని మూడు నెలలు చాలన్నాను. పదకొండో నెలలో క్లయింటే దండం పెట్టేశాడు. అంత ధైర్యం నాకెక్కణ్ణించి వచ్చిందంటే, సతోరు ఇవాటా కథ సగమే చదివి!

ఇవాటా 2002 నుంచి 2015లో చనిపోయేదాకా నింటెండో ప్రెసిడెంటు. అంతకుముందు హాల్ లాబొరేటరీలో అసలు సిసలు ప్రోగ్రామరు. ఆ రోజుల్లో షిగెసాతో ఇతోయ్ అనే ఆయన 'మదర్ 2' అని ఓ రోల్ ప్లేయింగ్ గేము తయారుచేయిస్తున్నాడు. ఇతోయ్ ప్రకటనలు రాసి పేరు తెచ్చుకున్న మనిషి, ప్రోగ్రామరు కాదు. నాలుగేళ్లు గడిచినా గేము ఓ కొలిక్కి రాలేదు. అప్పుడు సాయానికొచ్చిన ఇవాటా చెప్పిందిది: ఉన్నదాన్నే సరిచేస్తూ పోతే రెండేళ్లు, మొదట్నించీ చెయ్యనిస్తే ఆర్నెల్లు. ఇతోయ్ ఆర్నెల్లే కోరుకున్నాడు.

నేను చదివిన సగం ఇక్కడితో అయిపోయింది. మిగతా సగంలో ఉంది అసలు సంగతి. ఇవాటా వచ్చీరాగానే గేము కోడ్ మీద పడలేదు. ముందు పనిముట్లు రాశాడు, మిగతావాళ్లంతా ఆయన కోసం ఆగకుండా ఎవరి పని వాళ్లు చేసుకునేలా. బొమ్మలు, సంగీతం, మాటలు అప్పటికే బోలెడున్నాయి, అవి ఒకదానికొకటి అతకడం లేదంతే. ఇంకో విషయం, ఆయన రెండు దారులూ చూపించి ఎంచుకోమన్నాడు. ఉన్న టీముని చేతకానివాళ్లని చెయ్యలేదు. నేనేమో పాత కోడ్ రాసినాయన ఎదురుగా కూర్చునుండగానే దాన్ని చెత్త అన్నాను. ఆయన మర్నాటి నుంచి నాకు ఏ డౌటూ తీర్చలేదు. తప్పు నాదే.

గేము 1994 ఆగస్టు 27న జపానులో వచ్చింది. మరుసటేడాది 'ఎర్త్‌బౌండ్' పేరుతో అమెరికాకి వెళ్లి బోల్తా కొట్టింది. ఈ గేము కంపుకొడుతుందని వాళ్లే ప్రకటనలిచ్చుకున్నారు మరి, కొనేదెవరు? ఆ తర్వాత దాన్ని బతికించింది అభిమానులే. ఆ గుంపులో పెరిగిన కుర్రాడు టోబీ ఫాక్స్ 2015లో 'అండర్‌టేల్' తీస్తే ప్రపంచం ఎగబడి ఆడింది.

నేను ఆడింది హాస్టల్లో, ఎమ్యులేటర్లో. (కొనలేదు, ఒప్పేసుకుంటున్నా.) కత్తులూ డ్రాగన్లూ ఉంటాయనుకుంటే ఒట్టి బేస్‌బాల్ బ్యాటు పట్టుకున్న కుర్రాడు. మొదట్లోనే ఇష్టమైన తిండి ఏంటని అడుగుతుంది. పప్పుచారు అని కొడితే పట్టలేదు, పప్పుతో సరిపెట్టా. ఇంటికెళ్లినప్పుడల్లా వాళ్లమ్మ అదే పెడుతుంది. కుర్రాడికి ఇంటి బెంగ పట్టుకుంటే యుద్ధం మధ్యలో చేతులు కట్టుకు నించుంటాడు. ఏ మందుకీ తగ్గదు, అమ్మకి ఫోను చెయ్యాల్సిందే.

ఇక నాన్న. గేము మొత్తంలో ఆయన మొహం కనపడదు. ఫోనే. ఫోను చేస్తే అప్పటిదాకా ఆడింది సేవ్ చేస్తాడు, బ్యాంకులో ఎంత వేశాడో చెప్తాడు. చాలాసేపు ఆడితే తనే ఫోను చేసి కాసేపు పడుకోమంటాడు.

నా రూమ్మేటుకి ఇది జోకు. నాకు కాదు. మాది రాజంపేట దగ్గర పల్లె, నాన్న పదిహేడేళ్లు కువైట్లో డ్రైవరు. శుక్రవారం ఫోను, నెలకోసారి బ్యాంకులో డబ్బు. ఎంత వేశాడో చెప్పడం, బాగా చదువుకోమనడం, ఫోను అమ్మకివ్వమనడం. అదీ నాన్నంటే. ఎవరో జపాను ఆయనకి మా ఇంటి సంగతి ఎలా తెలిసిందా అని ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

నాన్న తిరిగొచ్చి నాలుగేళ్లయింది. ఇప్పుడు నేను బెంగళూరులో, ఆయన ఊళ్లో. ప్రాజెక్టు పోయిన రాత్రి ఫోను చేశాను. డబ్బేమైనా కావాల్నా అన్నాడు. వద్దు నాయనా అన్నాను. సరే పడుకో, టైమెంతయిందో చూసుకున్న్యావా అని, ఎప్పట్లాగే ఫోను అమ్మకిచ్చేశాడు.