బావి గట్టు మీది మాట

రండి, కూర్చోండి. సంగటి కెలకడం అయిపోయింది. ఊరుబిండి ఇంకా రోట్లోనే ఉంది. తీసేలోపల ఒక సంగతి చెప్తా, నవ్వకూడదు.

మూడేళ్ల కిందట పుంగనూరు పక్కన మా చేని బావి గట్టున, చంకలో మనవరాలితో నిలబడ్డా. వానలకు నీళ్లు పైకొచ్చినాయి, బిడ్డకు చూపిద్దామని. ఉన్నట్టుండి లోపల ఒక మాట: "ఇప్పుడు చెయ్యి వదిలేస్తే?" ఒళ్లంతా చల్లబడిపోయింది. బిడ్డను అదుముకుని ఇంటికొచ్చి పడ్డా. ఎనిమిది నెలలు ఆ బావి దిక్కు పోలేదు. ఎత్తుకోమని చేతులు చాపితే నడుం నొప్పి అని సాకు. ఎవరితో చెప్పుకునేది? అవ్వ కాదు, రాకాసి అనుకోరూ?

ఆ మాటను తరమడానికి ఆంజనేయ దండకం చదివా, నాలుక కొరుక్కున్నా. తరిమేకొద్దీ పగలు మూడుసార్లు వచ్చేది ముప్పైసార్లు వచ్చింది.

మీరే చూడండి. ఒక్క నిమిషం మా పుంగనూరు ఆవును తలచుకోకండి. మూడడుగులు దాటని పొట్టి ఆవు... వచ్చి నిలబడిందా లేదా? కోతిని తలచుకోకుండా మందు తాగమన్న వైద్యుడి కథ మనకు పాతదే. అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త 1987లో అదే పని తెల్ల ఎలుగుబంటితో చేశాడు. ఐదు నిమిషాలు దాన్ని తలచుకోవద్దు, తలపుకొస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆనక తలచుకోవచ్చు అంటే, మొదటినుంచీ తలచుకున్నవాళ్లకన్నా వీళ్లకే అది ఎక్కువసార్లు వచ్చిందట.

నా ముడి విప్పింది మాత్రం మా వదిన. టమోటాలు కోస్తూ, "కత్తిపీట ముందర కూర్చుంటే నాకూ పాడు తలపులొస్తాయి మే" అనింది.

"ఎవరి మీద వదినా?"

"మీ అన్న మీదే. ఇంకెవరి మీద? వస్తే రానీ అని కాయ కోసుకుంటా. అదే పోతుంది."

ఇద్దరం కండ్లనీళ్లు వచ్చేదాకా నవ్వినాం. 1978లో రాక్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు పరిశోధకులు ఏ జబ్బూ లేని మనుషులను అడిగితే, దాదాపు 80 శాతం మంది ఇట్లాంటివి మాకూ వస్తాయన్నారు. పక్కనే మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కూడా జీవితమంతా తలపును తిట్టకుండా, వెంటపడకుండా చూడమనే చెప్పినాడు. ఆయన మాటల్లో సగం నాకు అర్థం కావు లెండి. వదిన కత్తిపీట బాగా అర్థమైంది. బిడ్డంటే ప్రాణం కాబట్టే ఆ తలపు నన్ను అంత వణికించింది.

అయితే తలపు పోవాలని గంటలకొద్దీ చేతులు కడుగుతూ, తాళం పదిసార్లు లాగి చూస్తూ రోజంతా గడిచిపోతుంటే అది ఓసీడీ అనే మానసిక జబ్బు కావచ్చు. దానికి వైద్యం ఉంది. భయపడే పనికి మెల్లగా ఎదురు నిలబెట్టి, ఆ కడగడాలూ చూడడాలూ మాన్పిస్తారు. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సాయం లైన్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అడగరు.

మొన్న మళ్లీ బావి కాడికి పోయినాం. పిల్ల ఇప్పుడు నాలుగేళ్లది, నా చెయ్యి పట్టుకుని తొంగి చూసింది. ఆ మాట రానే వచ్చింది. వచ్చినావా, నిలబడు అనుకున్నా. అంతలో పిల్ల అంటుంది కదా: "అవ్వా, నీ చెప్పు లోపల పడేస్తే?"

పడేయలేదు లెండి. పట్టండి, సంగటి చల్లారిపోతాంది.