మీరంటే పరాయిదానివైతవు

తెనాలి నుంచి జగిత్యాల వైపు ఒక చిన్న ఊరి బ్యాంకుకు బదిలీ మీద వెళ్లిన మొదటి నెల. పింఛన్లు పడే రోజులు. మేం తలుపులు తీయకముందే బీడీలు చేసే ఆడవాళ్లు మెట్ల మీద వరసగా కూర్చుని ఉండేవారు. వాళ్లలో ఒక పెద్దావిడ కౌంటరు దగ్గరికొచ్చి, కొంగులోంచి పాస్‌బుక్కు తీసి నా ముందు పెట్టి, "బిడ్డా, నా పైసలు పడ్డయో లేదో నువ్వు జర సూసి చెప్పు" అంది.

ఆ 'నువ్వు' నాకు చురుక్కుమంది. మా ఇంట్లో నాన్నగారిని మీరంటాం, మేనత్తను మీరంటాం. ఆఫీసులో కూర్చున్న మనిషిని, అందులోనూ ముక్కూమొహం తెలియని మనిషిని, నువ్వనడమేమిటి? "మర్యాదగా మాట్లాడమ్మా" అన్నాను. గట్టిగా అరవలేదు. కానీ ఆవిడ ముఖం చిన్నబోయింది. ఇంక నోరెత్తలేదు. వేలిముద్ర మెషీను మీద వేలు పెట్టింది, పడలేదు. ఏళ్ల తరబడి తునికాకు చుట్టీ, బీడీ మూతి మడిచీ ఆ వేలికొసలు గీతలన్నీ అరిగిపోయి నున్నగా ఉన్నాయి. ఒక్కో వేలూ తుడుచుకుని పెడుతూ పోతే నాలుగో వేలికి పడింది. డబ్బు తీసుకుని, లెక్కపెట్టుకోకుండానే వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మా అటెండరు మెల్లగా అన్నాడు. "మేడం, ఒక్క మాట చెప్త, ఏమనుకోవద్దు. మా దిక్కు అమ్మను నువ్వంటం, బాపును నువ్వంటం, దేవుణ్ణి గూడ నువ్వే అంటం. ఆ ముసలమ్మ మిమ్మల్ని తక్కువ జేసి అనలే."

దేవుణ్ణి మా ఇంట్లోనూ నువ్వనే అంటాం. పూజగదిలో రోజూ నా నోటితో నేను అంటున్న మాటే అది. అయినా ఆ క్షణం దాకా నాకు ఆ సంగతి తట్టలేదు.

మరుసటి నెల ఆవిడ మెట్ల మీద కనిపించగానే వెళ్లి పక్కన కూర్చున్నాను. "పోయిన నెల తప్పుగా మాట్లాడాను పెద్దమ్మా" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "గదేంది, నేనే ఏమన్న అన్ననేమో అనుకున్న. నిన్ను మీరంటే పరాయిదానివైతవు గద బిడ్డా" అంది.

ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. ఆవిడ దగ్గరితనం ఇచ్చింది, నేను దాన్ని అమర్యాద అనుకున్నాను. మాట ఆవిడది, అర్థం మా ఇంటిది. ఆ యాస వినగానే నాకు కలిగిన చిన్నచూపు ఎక్కడి నుంచి వచ్చింది? ఇంట్లో ఎవరూ నేర్పలేదు. కానీ నేను పెరిగిన రోజుల్లో సినిమాల్లో ఆ యాస ఎవరికి పెట్టేవారు? రౌడీకి, హాస్యగాడికి, నౌకరుకి. హీరో మాట మాత్రం మా కృష్ణా గుంటూరు మాట. అలా ఏళ్ల తరబడి విన్న చెవి ముందే తీర్పు రాసిపెట్టుకుంటుంది. మనిషి తర్వాత ఎదురవుతాడు.

1998లో అమెరికాలో మెలనీ టెర్వలాన్, జాన్ ముర్రే-గార్సియా అనే ఇద్దరు వైద్యురాళ్లు రాసిన వ్యాసంలో ఇలా ముందే తీర్పు రాసిపెట్టుకున్న ఒక సంఘటన ఉంది. ఆపరేషనయి కొన్ని గంటలే గడిచిన ఒక లాటినో స్త్రీ మూలుగుతోంది. ఆమె బాగా నొప్పితో ఉన్నట్టుందని ఒక లాటినో డాక్టరు నర్సుతో అన్నాడు. నర్సు ఆ మాట కొట్టిపారేసింది. ఇతర సంస్కృతుల రోగుల గురించి తను కోర్సు చదివిందట. ఆ జాతివాళ్లు నొప్పిని ఎక్కువ చేసి చూపిస్తారని అందులో నేర్చుకుందట. ఆ నర్సు తెల్లజాతి మనిషి కాదు, నల్లజాతి స్త్రీ. వివక్షను ఎరిగిన మనిషికే అలా జరిగింది. చదువు లేక కాదు, చదివానన్న ధీమా వల్ల. అందుకే ఆ ఇద్దరూ, ఎదుటివారి సంస్కృతిలో ప్రావీణ్యం సంపాదించామనుకోవడం కాదు కావలసింది, జీవితాంతం నేర్చుకునే వినయం అన్నారు. కల్చరల్ హ్యుమిలిటీ అని దానికి పేరు పెట్టారు.

ఆ పేరు పుట్టడానికి చాలా ముందే మన గిడుగు రామమూర్తి గారు ఆ పని చేసి చూపించారు. 1880లో పర్లాకిమిడిలో రాజావారి బడిలో పంతులుగా చేరారాయన. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరలతో మాట్లాడాలని, సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. పంతులు శిష్యుడయ్యాడు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పే బడులు పెట్టారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. తెలుగులో వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. కొండవాళ్ల ముందు విద్యార్థిగా కూర్చున్న ఈ రామమూర్తి గారే నాకు ఎక్కువ ఇష్టం. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబరు 9న కవి కాళోజీ పుట్టినరోజున తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఇద్దరూ జనం నోటి మాటకు గౌరవం అడిగినవారే.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. ఊళ్లు తిరిగి, రైతుల నోట విని కూర్చిన పుస్తకం. భాషాశాస్త్రవేత్తకు నాగలి కట్టే మనిషి గురువు అయ్యాడు.

వీళ్లంతా అడిగి నేర్చుకున్నవారు. కానీ అన్ని అడగడాలూ ఒకటి కావు. ఇల్లు అద్దెకివ్వడానికి "మీరేవిట్లు?" అని కులం అడుగుతామే, అది తెలుసుకోవడానికి కాదు, వేరుచేయడానికి. ఆ ప్రశ్న నేనూ విన్నాను. అలా అడిగే ఇళ్లల్లోనే పెరిగాను కూడా. ఢిల్లీలో మనల్ని మద్రాసీలంటే ఉడుక్కుంటాం. మన వీధిలో మేడలు కట్టే ఒడిశా, బీహార్ కూలీలందర్నీ కలిపి 'హిందీవాళ్లు' అనేస్తాం. ఒడియా ఆయన ఇంటి భాష హిందీ కాదు కదా!

ఆ ఊళ్లో ఉన్న మూడేళ్లలో ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. అందులో మొదటి మాట 'తోలుకరా'. "బిడ్డను తోలుకొచ్చిన" అని ఒక తల్లి అంటే, పశువుల్ని తోలడమే తెలిసిన నా చెవికి విడ్డూరంగా తోచింది. ఈసారి మాత్రం ముఖం చిట్లించలేదు, అడిగాను. వెంటబెట్టుకుని రావడమని ఆవిడ చెప్పింది. ఆనిగెపుకాయంటే మా సొరకాయ. పైలమంటే జాగ్రత్త. ఇంటికి బయల్దేరేటప్పుడు "పైలం బిడ్డా" అంటూ పెద్దమ్మ నోట విన్న ఆ మాట ఇప్పుడు నేనూ వాడుతున్నాను.

మీ ఇంట్లో అంట్లు తోమే ఆమె, మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య, మీ ఆఫీసులో కొత్తగా చేరిన శ్రీకాకుళం కుర్రాడు, ఎవరి మాటైనా చెవికి కొత్తగా తగిలితే ఒక్క క్షణం ఆగి, దాని అర్థం వాళ్లనే అడగండి. చెప్పినంతసేపూ వినండి.