ముడి లాగి చూడు

మా అక్క జనరల్ సర్జరీ పీజీ, ఫస్టియర్. సంక్రాంతికి రెండే రోజులు సెలవు దొరికి ఇంటికొచ్చింది. వచ్చిందన్న మాటే గానీ అరిసెల వైపు కూడా చూడలేదు. తిరిగెళ్ళగానే గాల్‌బ్లాడర్ ఆపరేషన్ మీద సెమినార్ చెప్పాలట. "మేడమ్ మధ్యలో ఆపి ప్రశ్నలేస్తారే. ఎవరైనా నాకు వైవా పెడితే బాగుండు" అంది.

ఇంట్లో సీఎస్‌ఈ చదివే చెల్లి ఉన్నది ఎందుకు? "నువ్వు చాలా స్ట్రిక్ట్ సర్జరీ ప్రొఫెసర్‌వి" అని ఓ చాట్‌బాట్‌కి ప్రాంప్ట్ రాసిచ్చాను.

గంటసేపు అదరగొట్టింది. ఏదైనా కత్తిరించే ముందు ఏమేం కనబడాలి అని అడిగింది. కాలో ట్రయాంగిల్‌లో కొవ్వు, పీచు తీసెయ్యాలి. గాల్‌బ్లాడర్ కింది మూడో వంతు లివర్ నుంచి విడిపోవాలి. గాల్‌బ్లాడర్‌లోకి వెళ్ళేవి రెండంటే రెండే కనబడాలి: ఒక నాళం, ఒక ధమని. 1995లో స్ట్రాస్‌బర్గ్ బృందం దీనికి క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీ అని పేరు పెట్టింది. ఇది చూడకుండా తొందరపడి, ఆ చిన్న నాళం అనుకుని పెద్ద పైత్యరస నాళాన్ని కోసేస్తే పేషెంట్ జీవితమే తలకిందులు. అక్క ఇది చెప్తుంటే నాకు చేతులు చల్లబడ్డాయి.

తర్వాత, ఆ ట్రయాంగిల్‌కి పై హద్దు ఏది అంది బాట్. "లివర్ అంచు" అంది అక్క. కరెక్ట్ అంది. అక్కకి అనుమానమొచ్చి "సిస్టిక్ ఆర్టరీ కదా?" అని టైప్ చేసింది. క్షమించండి, మీరన్నదే నిజం అంది. "కాదు, లివరే." మళ్ళీ క్షమాపణ. నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పాం, నాలుగుసార్లూ తలూపింది. మొదట నవ్వుకున్నాం.

నిజానికి రెండూ తప్పు కాదు. 1891లో కాలో రాసినప్పుడు పై హద్దు ధమనే. ఇప్పుడు సర్జన్లు ఎక్కువగా లివర్ అంచు దాకా ఉన్న పెద్ద ట్రయాంగిల్‌నే ఆ పేరుతో పిలుస్తున్నారు. ఆ ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. చెప్పలేదు, మేము ఎటు తోస్తే అటు ఒరిగింది. ఎందుకో మనకి తెలిసిందే కదా. ట్రెయినింగ్‌లో మనుషులకి నచ్చిన జవాబుకే మార్కులు. ఔనన్నవాడు ఎవరికి నచ్చడు? స్ట్రిక్ట్ ప్రొఫెసర్ అన్నది పైన పూసిన మేకప్ అంతే.

"మా మేడమ్ అయితే, మాట ఎందుకు మార్చావ్ అని అక్కడే పట్టుకుంటారు" అంది అక్క.

రాత్రి కిటికీ ఊచకి సిల్క్ దారం కట్టి ముడులు ప్రాక్టీస్ చేసింది. ఎలా వేసిందో టైప్ చేస్తే "అద్భుతం, మీ టెక్నిక్ చాలా బాగుంది" అని జవాబు. పక్కన అమ్మ బంతిపూలు దండ గుచ్చుతోంది. తలెత్తి, "ఏదీ, లాగి చూడు" అంది.

లాగితే జారిపోయింది. రెండు మడతలూ ఒకే వైపు పడ్డాయి. దాన్ని గ్రానీ నాట్ అంటారట. అదే ఒక ధమని మీద వేసి ఉంటే?

ఫొటో పెడితే కనిపెట్టేదేమో అంటారు మీరు. కనిపెట్టేదేమో. ఎంత బిగుతుగా లాగిందో మాత్రం ఫొటోలో పడదు. నాకు బాధేసింది దానికి కాదు. సాయంత్రమంతా అక్క పక్కనే కూర్చుని నేను స్క్రీన్ చూశాను. ఒక్కసారి కూడా చేతులు చూడలేదు.

ఆ ప్రాంప్ట్‌లో ఇప్పుడు ఒక లైన్ కలిపాను: నేను మాట మారిస్తే ఒప్పుకోకు, కారణం అడుగు. కాస్త మెరుగైంది. ముడులకి మాత్రం అక్క వీడియో కాల్ అమ్మకే చేస్తోంది.